‘హ్యాంగ్ ఔట్’ అంటే ఊరికే తిరగడమేనా?

కొన్ని నెలల క్రితం నాటి మాట. ఇషా నమాజు ముగించుకొని మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఉండగా, మాకు చాలాకాలంగా పరిచయమున్న ఒక పెద్దమనిషి ఎదురుగా వచ్చి నిలిచారు. ఆయన బట్టల దుకాణం నడుపుతారు. చేతిలో ఫోను, ముఖంలో దిగులు. "మౌలానా, ఇది కాస్త చదివి పెట్టండి. మీకు ఇంగ్లీషు కూడా వచ్చు కదా!" అంటూ ఫోను మా చేతికిచ్చారు.

ఆయన పెద్దకుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. ప్రతి ఆదివారం ఇంటికి ఫోను చేయడం అతని అలవాటు. ఆ ఆదివారం చేయలేదు. ఎందుకు చేయలేదని చెల్లెలు అడిగితే, రాత్రి పన్నెండు దాటే వరకు ‘హ్యాంగింగ్ ఔట్ విత్ సమ్ గయ్స్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

ఆ తండ్రి ఫోనులోని నిఘంటువును వెదికారు. ‘హ్యాంగ్’ అంటే వేలాడు, ఉరితీయు అని ఉంది. ‘ఔట్’ అంటే బయట. రెండూ కలిపితే ఏమిటో ఆయనకు బోధపడలేదు. పక్క దుకాణదారును అడిగితే, "పనీపాటా లేనివాళ్ళతో బయట తిరుగుతున్నాడని అర్థం" అని తేల్చేశాడు. ఆ మాట నిజమేనా అని ఆయన మమ్మల్ని అడిగారు. మేమైనా ఆగి ఆలోచించవలసింది. ఆలోచించలేదు. "మాటతీరు చూస్తే మంచిగా లేదు. కొంచెం గట్టిగా ఉండండి" అన్నాము.

‘గట్టిగా ఉండండి’ అనడంలో మా ఉద్దేశం ఒకటి, ఆయన గ్రహించినది మరొకటి. ఆయన మూడు వారాలపాటు కుమారునితో మాట్లాడలేదు. కొడుకు ఫోను చేస్తే తల్లికిచ్చి లేచి వెళ్ళిపోయేవారు.

ఒక శుక్రవారం మా మేనకోడలు మా ఇంటికి వచ్చింది. ఆమె జూనియర్ కళాశాలలో ఆంగ్ల అధ్యాపకురాలు. మాటల మధ్యలో మేము ఈ సంగతి చెప్పగానే ముందు నవ్వింది. మూడు వారాల మౌనం గురించి విన్నాక ఆమె ముఖంలో నవ్వు మాయమైంది. "మామూ, అరబీ క్రియను మీ విద్యార్థి ఇలా ముక్కలు చేసి అర్థం చెబితే మీరు ఊరుకుంటారా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది. ఈ నెల మేము రాస్తున్నది, ఆ రోజు ఆమె వద్ద కూర్చొని నేర్చుకున్న పాఠమే.

రెండు ముక్కలు, ఒకే క్రియ

అరబీ వ్యాకరణం చదివినవారికి ఈ సూక్ష్మం కొత్తది కాదు. ‘రగిబ’ అనే క్రియ పక్కన ‘ఫీ’ వస్తే కోరుకున్నాడని అర్థం. దాని పక్కనే ‘అన్’ వస్తే ముఖం తిప్పుకున్నాడని అర్థం. క్రియ ఒక్కటే, పక్కనున్న చిన్న అక్షరం మారగానే అర్థం తలకిందులైంది. ‘దఆ లహూ’ అంటే అతని మేలు కోరి దుఆ చేశాడు. ‘దఆ అలైహి’ అంటే అతనికి కీడు కలగాలని కోరాడు. మొదటి సంవత్సరం విద్యార్థి దీనిని తప్పు చదివితే మేము పుస్తకం మూయించి మళ్ళీ మొదటి నుంచి చదివిస్తాము.

తెలుగులోనూ ఇటువంటివి ఉన్నాయి. ‘నాలుగు రూపాయలు వెనకేసుకున్నాడు’ అంటే పొదుపు చేశాడు. ‘కొడుకును వెనకేసుకొచ్చాడు’ అంటే కొడుకు తరఫున వాదించాడు. ‘చేయి చేసుకున్నాడు’ అంటే కొట్టాడు. తెలుగు నేర్చుకొనే విదేశీయుడు ‘చేయి’, ‘చేసుకొను’ అని విడివిడిగా నిఘంటువులో చూస్తే, ఎవరో తన చేతిని తానే తయారుచేసుకున్నాడని అనుకోవలసి వస్తుంది. అతని అవస్థను చూసి నవ్వే మనం, ఆంగ్లం దగ్గరకు వచ్చేసరికి అదే పొరపాటు చేస్తాము.

ఆంగ్లంలో ఒక చిన్న క్రియ, దాని వెంట ‘ఔట్’, ‘అప్’, ‘ఆన్’, ‘ఆఫ్’ వంటి ఒక చిన్న మాట కలిసి కొత్త అర్థాన్ని ఇచ్చే జంటలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. పాఠ్యపుస్తకాల ఆంగ్లంలో ఇవి తక్కువ, ఇంటి ఆంగ్లంలో, వీధి ఆంగ్లంలో ఎక్కువ. మన పిల్లలు ఆ దేశాలకు వెళ్ళిన తర్వాత వారి నోట వచ్చే భాష ఈ రెండవదే. మనం ఇక్కడ చదువుకున్నది మొదటిది. తండ్రీకొడుకులిద్దరికీ ఆంగ్లం వచ్చినా ఒకరి మాట మరొకరికి అందకపోవడానికి ఇదొక కారణం.

ఈ జంట అర్థాలు

‘హ్యాంగ్ ఔట్’ అనే జంటకు మొదటి అర్థం నిఘంటువులో కనిపించేదే. ఉతికిన బట్టలను బయట తీగమీద ఆరవేయడం, జెండాను కిటికీ బయటకు వేలాడదీయడం, దుకాణం ముందు పేరుపలకను కట్టడం. ఈ అర్థంలో వాడినప్పుడు కర్మ ఉండాలి, అంటే దేనిని వేలాడదీశారో చెప్పాలి.

రెండవ అర్థం నేడు అందరి నోటా వినిపించేది. ప్రత్యేకించి ఒక పని పెట్టుకోకుండా, తీరికగా, స్నేహితులతోనో ఇంటివారితోనో సమయం గడపడం. ‘వియ్ హంగ్ ఔట్ ఎట్ హోమ్’ అంటే మేము ఇంట్లోనే కాలక్షేపం చేశామని అర్థం. గమనించండి, ఇక్కడ ‘ఔట్’ అనే మాట ఉంది కాని ఎవరూ బయటికి వెళ్ళలేదు. ఇద్దరు అన్నదమ్ములు మంచం మీద కూర్చొని చిన్ననాటి సంగతులు చెప్పుకున్నా అది ‘హ్యాంగ్ ఔట్’ అవుతుంది. అమ్మమ్మ పక్కన కూర్చొని మనుమరాలు చిక్కుడుకాయలు ఈనెలు తీసినా అవుతుంది. పక్క దుకాణదారు చెప్పిన ‘బయట తిరగడం’ అన్నది ఈ మాటలో లేనే లేదు.

మూడవది నామవాచకం. రెండు ముక్కలూ కలిసిపోయి ‘హ్యాంగౌట్’ అయితే, తరచుగా చేరే చోటు అని అర్థం. హైదరాబాదులో మనం వాడే ‘అడ్డా’ దానికి చక్కగా సరిపోతుంది. గూగుల్ సంస్థ తన సంభాషణ సాధనానికి 2013లో ఈ పేరే పెట్టింది. 2022లో దానిని మూసివేసింది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కుమారుని ముఖం ఒకప్పుడు ఆ పేరుగల తెరమీదే చూసిన తల్లిదండ్రులు మన పాఠకుల్లోనూ ఉండవచ్చు. ఆ పేరుకు అర్థమేమిటని ఎందరు అడిగి ఉంటారు?

నాలుగవది ఒక నుడికారం. ఒకరిని ‘ఆరవేసి వదిలేయడం’ అనే అర్థం వచ్చేలా ‘హ్యాంగ్ ఔట్ టు డ్రై’ అంటారు. ఆపదలో తోడుండవలసిన వ్యక్తే చేయి వదిలేసి, నింద అంతా అతని మీదకు నెట్టివేయడాన్ని ఇలా చెబుతారు. తీగమీద బట్టలా ఒంటరిగా గాలికి వదిలారన్న పోలిక అందులో ఉంది.

ఈ అర్థం ఎలా వచ్చింది?

వేలాడటానికీ, సమయం గడపడానికీ సంబంధమేమిటి? పూర్వం ఇంగ్లండులో వృత్తిపనివారూ దుకాణదారులూ తమ వాకిట ఒక పలకను వేలాడదీసేవారు. ఆ పలక ఎక్కడ వేలాడితే మనిషి అక్కడ ఉన్నట్టు. అందువల్ల ‘హ్యాంగ్ ఔట్’ అంటే నివసించడం, బస చేయడం అనే అర్థం వచ్చిందని చెబుతారు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభానికే ఈ వాడుక లండన్ వీధిభాషలో ఉంది. అమెరికాలో నేటికీ కొత్త వకీలు కార్యాలయం తెరిస్తే ‘పలక వేలాడదీశాడు’ అనే అర్థంలో ఒక నుడి ఉంది.

1836, 1837 సంవత్సరాలలో చార్లెస్ డికెన్స్ భాగాలుగా వెలువరించిన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో ఈ మాటమీద ఒక పరిహాసం ఉంది. బాబ్ సాయర్ అనే వైద్యవిద్యార్థి పెద్దమనిషి అయిన పిక్విక్‌ను మీ బస ఎక్కడని అడగడానికి ఈ వీధిమాటనే ఉపయోగిస్తాడు. పిక్విక్ నొచ్చుకోడు. వేలాడే పోలికనే కొనసాగిస్తూ, తాను దిగిన లండన్ సత్రం పేరు చెబుతాడు. పెద్దతరం మనిషి చిన్నవాని మాటను అందుకొని అదే ధోరణిలో జవాబివ్వడం ఆ సన్నివేశంలోని సొగసు. దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితమే ఈ మాట యువకులదీ, దానిని వినవలసిన చెవి పెద్దలదీ!

కాలక్రమంలో ‘నివసించడం’ అన్న అర్థం పలుచబడి, ‘ఎక్కువగా ఉండే చోటు’, అటు తర్వాత ‘కలిసి కాలం గడపడం’ అన్న అర్థాలు బలపడ్డాయి. ఇల్లు అనే భావం పోయింది, తోడు అనే భావం నిలిచింది.

వాడేటప్పుడు జాగ్రత్తలు

మా మేనకోడలు తన విద్యార్థులు తరచుగా చేసే పొరపాట్లను వరుసగా చెప్పింది. వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది, ‘విత్’ అనే మాటను వదలరాదు. తెలుగులో ‘స్నేహితులతో’ అనడానికి ‘తో’ ఎంత అవసరమో, ఇక్కడ ‘విత్’ అంత అవసరం. దానిని వదిలేస్తే స్నేహితులను బట్టల్లా తీగమీద ఆరవేసినట్టు అవుతుంది.

రెండవది, భూతకాల రూపం. ‘హ్యాంగ్’కు భూతకాలం ‘హంగ్’. ‘హ్యాంగ్డ్’ అనే రూపం కూడా ఉంది కాని అది ఉరితీయడానికి మాత్రమే. పటాన్ని గోడకు ‘హంగ్’ చేస్తారు, నేరస్థుని ‘హ్యాంగ్డ్’ అంటారు. మొదటి పొరపాటూ ఈ పొరపాటూ కలిస్తే, నిన్న సాయంత్రం నా స్నేహితులను ఉరితీశానని చెప్పినట్టు వినబడుతుంది. ఒక విద్యార్థి నిజంగానే అలా రాశాడట.

మూడవది, ఎక్కడ వాడకూడదో తెలియాలి. ఇది మిత్రుల మధ్య, ఇంటివారి మధ్య చెల్లే మాట. విశ్వవిద్యాలయానికి రాసే లేఖలోనూ, ఉద్యోగపు దరఖాస్తులోనూ, వీసా అధికారి ముందరా దీనికి చోటు లేదు. మా వద్ద చదివి, తర్వాత డిగ్రీ పూర్తిచేసిన ఒక యువకుడు విదేశీ విశ్వవిద్యాలయానికి పంపవలసిన లేఖలో, తన ఆచార్యులతో పరిశోధన విషయమై ‘హంగ్ ఔట్’ చేశానని రాశాడు. వారి మార్గదర్శకత్వంలో పనిచేశానన్నది అతని భావం. చదివేవారికి మాత్రం వారితో కూర్చొని బాతాఖానీ కొట్టానని అర్థమవుతుంది. అదృష్టవశాత్తు లేఖ వెళ్ళకముందే మా మేనకోడలి కంట పడింది. అటువంటి చోట ‘స్పెండ్ టైమ్’, ‘మీట్’, ‘వర్క్ విత్’ వంటి నిదానమైన మాటలు వాడాలి.

నాలుగవది తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవలసిన భేదం. ‘హ్యాంగింగ్ ఔట్ విత్’ వేరు, ‘గోయింగ్ ఔట్ విత్’ వేరు. రెండవదాని తర్వాత ‘ఫ్రెండ్స్’ అని వస్తే స్నేహితులతో బయటికి వెళ్ళడమే. కాని ఒక్క వ్యక్తి పేరు వచ్చి, అది కొంతకాలంగా సాగుతున్నట్టు చెబితే, ప్రేమ వ్యవహారం నడుస్తోందని ఆంగ్లేయులు అర్థం చేసుకుంటారు. ఈ భేదం తెలియక ఏ పాపమూ ఎరుగని అమ్మాయి ఒక మాటకు బదులు మరొకటి వాడితే, వినేవారు ఎక్కడికో వెళ్ళిపోతారు.

దీని చుట్టాలు కొన్ని ఉన్నాయి. ‘హ్యాంగ్ ఆన్’ అంటే కాస్త ఆగు. ‘హ్యాంగ్ అప్’ అంటే ఫోను పెట్టేయడం. పాత టెలిఫోనులో మాట్లాడే గొట్టాన్ని పెట్టె పక్కనున్న కొక్కేనికి తగిలించేవారు, ఆ కొక్కెం పోయినా మాట మిగిలింది. ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అంటే ధైర్యం విడువకు. ‘హ్యాంగ్ ఎరౌండ్’ దాదాపు ‘హ్యాంగ్ ఔట్’ లాంటిదే అయినా, పనిలేకుండా ఒకచోట తచ్చాడటం అన్న మందలింపు ఛాయ అందులో కొంత కనిపిస్తుంది. ఇక ‘హ్యాంగోవర్’ సంగతి. మన పిల్లలు ‘సెలవుల హ్యాంగోవర్ ఇంకా పోలేదు’ అని సరదాగా అంటుంటారు. మద్యం తాగినవాని మరునాటి తలనొప్పికి ఆంగ్లంలో అదే పేరు. ఆ సంగతి తెలిస్తే ఆ మాటను వారే వదిలేస్తారని మా నమ్మకం.

ఈ మాట చెప్పనివి

ఇంతవరకు విన్నాక ఆ బట్టల దుకాణం పెద్దమనిషి అనుమానం పూర్తిగా తప్పనిపించవచ్చు. కాని అక్కడితో ఆగితే సగం పాఠమే నేర్చినట్టు.

‘హ్యాంగ్ ఔట్’ చెప్పేది ఒకే సంగతి: కొందరు కలిసి తీరికగా గడిపారు. ఎక్కడో చెప్పదు. ఎవరితోనో చెప్పదు. ఏం చేశారో అసలే చెప్పదు. మస్జిద్ ఆవరణలో కూర్చున్నా ఇదే మాట, కూడని చోట కూర్చున్నా ఇదే మాట. కాబట్టి ఈ మాట విని పిల్లవానిని దోషిగా నిలబెట్టడం ఎంత తొందరపాటో, ఈ మాట విని అంతా సవ్యంగా ఉందనుకోవడమూ అంతే తొందరపాటు.

‘హ్యాంగౌట్’ అన్న మాటకే అమెరికా రాజకీయాలలో మరొక చరిత్ర ఉంది. 1960లలో అక్కడి యువతరం మనసులో ఉన్నదంతా దాపరికం లేకుండా బయటపెట్టడాన్ని ఈ క్రియతో చెప్పసాగింది. అంతా వేలాడనివ్వు, ఏదీ దాచకు అన్నది దాని భావం. 1972 జూన్‌లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలోకి కొందరు దొంగతనంగా ప్రవేశించి పట్టుబడ్డారు. దాని వెనుక అధ్యక్షుడు నిక్సన్ మనుషులున్నారన్న సంగతి క్రమంగా బయటపడుతున్న రోజుల్లో, 1973 మార్చిలో, నిక్సన్ తన సలహాదారులతో సమాలోచన జరిపాడు. నిజమంతా చెప్పడమా, కొంత చెప్పడమా అన్నది చర్చ. అప్పుడు ఎర్లిక్‌మన్ అనే సలహాదారు వాడిన మాట ‘మాడిఫైడ్ లిమిటెడ్ హ్యాంగౌట్’. కొంత నిజాన్ని బయటపెట్టి, దాని చాటున మిగిలినదాన్ని దాచడమని భావం. ఆ సంభాషణ ధ్వనిముద్రికలలో నిలిచిపోయి లోకానికి తెలిసింది. 1974 ఆగస్టులో నిక్సన్ పదవి వదులుకోవలసి వచ్చింది.

ఇంట్లో పిల్లలు చెప్పే ‘హ్యాంగ్ ఔట్’ కూడా ఒక్కొక్కసారి ఇటువంటి పరిమిత సత్యమే. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. దాచవలసినది ఉన్నప్పుడు పిల్లలు ఈ మాట చాటున దాగుతారు. దాచవలసినది ఏమీ లేకున్నా, విడమరచి చెబితే వంద ప్రశ్నలు వస్తాయన్న భయంతోనూ దాగుతారు. రెండు సందర్భాల్లోనూ పైకి వినిపించేది ఒకే మాట. ఏది ఏదో తెలియాలంటే మన దగ్గర నిఘంటువు ఉంటే చాలదు, పిల్లలు మనతో మాట్లాడుతూ ఉండాలి.

మన మాటలలో

ఈ సంగతికి మన భాషల్లో మాటలు తక్కువేమీ లేవు. పిచ్చాపాటీ, కాలక్షేపం, ముచ్చట్లు పెట్టడం, గప్‌షప్. కాని మన మాటల్లో చాలావాటికి ఏదో ఒక తీర్పు అంటుకొని ఉంటుంది. ‘తిరుగుతున్నాడు’ అంటే చెడిపోతున్నాడని ధ్వని. ‘బాతాఖానీ’ అంటే పని మానేశాడని ధ్వని. ఆంగ్లపు మాటలో ఆ తీర్పు లేదు. తీర్పు లేని మాటను తీర్పు ఉన్న మాటలోకి దింపినప్పుడు, కుమారుడు చెప్పని నేరాన్ని అనువాదమే మోపింది.

హైదరాబాద్ పాతబస్తీలో వాకిళ్ళ ముందరి అరుగును చబుత్రా అంటారు. రాత్రి భోజనం తర్వాత దానిమీద చేరి మాట్లాడుకోవడం అక్కడి పాత అలవాటు. అర్ధరాత్రి దాటినా వీధుల్లో కూర్చొని ఉండే యువకులను పోలీసులు స్టేషనుకు తీసుకువెళ్ళి, తల్లిదండ్రులను పిలిపించి నచ్చజెప్పి పంపే కార్యక్రమానికి ‘మిషన్ చబుత్రా’ అన్న పేరే వచ్చింది. ఒకే అరుగు తాతకు ముచ్చట్ల చోటైంది, మనుమనికి సంజాయిషీ చెప్పుకోవలసిన చోటైంది. కూర్చోవడం అదే. ఏ వేళ, ఎవరితో, ఎందుకు అన్న ప్రశ్నలు మారాయి.

ఉర్దూలో మరొక మాట ఉంది, ‘సొహబత్’. ఒకరి సాన్నిధ్యంలో, సాంగత్యంలో ఉండటమని అర్థం. అరబీలో దాని మూలధాతువు నుండే ‘సాహిబ్’, ‘సహాబీ’ అన్న మాటలు వచ్చాయి. తెలుగు పల్లెల్లో మనవారిని పిలిచే ‘సాయిబు’ కూడా ఆ సాహిబే. దాని తొలి అర్థం తోడుగా ఉండేవాడు. కలిసి కూర్చోవడానికి మన పెద్దలు ఎంత విలువ ఇచ్చారో ఈ మాట చెబుతుంది. ‘హ్యాంగ్ ఔట్’ తోడు గురించి చెబుతుంది కాని ఆ తోడు మంచిదా చెడ్డదా అని అడగదు. ‘సొహబత్’ అన్నప్పుడు ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. పిల్లవాడు మొదటి మాటతో వచ్చినప్పుడు, రెండవ మాటలోని ప్రశ్నను నెమ్మదిగా అడగడం పెద్దల పని.

ఆ తర్వాత ఏమైంది?

మేనకోడలు వెళ్ళిన సాయంత్రమే మేము ఆ బట్టల దుకాణానికి వెళ్ళాము. తెలియని విషయంలో తెలిసినట్టు మాట్లాడామని, క్షమించమని అడిగాము. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా ఎదుటే కుమారునికి ఫోను కలిపారు. అక్కడ తెల్లవారుతోంది. కోపంగా అడగవద్దని మేము సైగ చేశాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న మేము ఊహించనిది: "బేటా, ఆ ఆదివారం రాత్రి ఏం వండుకున్నారు?"

అవతల కుర్రవాడు ముందు తడబడ్డాడు. తర్వాత ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. గదిలో ఉండే ఇద్దరు హైదరాబాదు వాళ్ళు, పక్క గదిలోని ఢాకా అబ్బాయి, తను. ఖిచ్డీ, ఖట్టా చేసుకున్నారు. క్రికెట్ ఆట చూశారు. ఆట ఆలస్యంగా ముగిసింది, ఫోను చేయడం మరచిపోయాడు. అది తన తప్పేనన్నాడు. తండ్రి, "సరేలే, ఖట్టాలో పులుపు సరిపోయిందా?" అన్నారు.

అప్పుడు కుర్రవాడు మరొక సంగతి చెప్పాడు. రెండు వారాల క్రితం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తాను చేస్తున్న పని పోయింది. ఆ నెల అద్దెకు మిత్రుల దగ్గర అప్పు చేశాడు. ఇంట్లో చెప్పలేదు. "మీరు కోపంగా ఉన్నారని చెల్లి చెప్పింది అబ్బా. ఇది కూడా చెబితే ఏమంటారోనని..." అని ఆగిపోయాడు. ఆ పెద్దమనిషి ఫోను చెవికి ఆనించుకొని దుకాణం లోపలికి, బట్టల అరల మధ్యకు వెళ్ళిపోయారు. మేము బయట బల్లమీద కూర్చున్నాము. ఒక మాటకు మేము చెప్పిన తప్పుడు అర్థం ఆ అబ్బాయి చేత రెండు వారాలు ఈ కష్టాన్ని ఒంటరిగా మోయించింది. ఆ బరువు మా మీద ఇప్పటికీ ఉంది.

ఆయన బయటికి వచ్చాక అడిగాము, "ఏమన్నాడు?" అని. "వచ్చే ఆదివారం వీడియోలో ఖట్టా చేయడం వాళ్ళమ్మ చూపిస్తుందట. వీడు చేసేది మరీ పల్చగా ఉందట" అన్నారు. డబ్బు సంగతి ఆయన ఎత్తలేదు, మేము అడగలేదు.

కాబట్టి పాఠకులారా, మీ పిల్లలు ఈ మాట వాడినప్పుడు నిఘంటువు తెరిచి ముక్కలు చేయకండి. పక్కింటివారిని అర్థం అడగకండి. మా వంటి మౌల్వీలను కూడా మొదటే అడగకండి. ఆ మాట ఎవరి నోట వచ్చిందో వారినే అడగండి: ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ కూర్చున్నారు, ఏం తిన్నారు? ప్రశ్నలు విచారణలా కాకుండా ముచ్చటలా ఉంటే జవాబులు వస్తాయి. జవాబుల్లో దాపరికం ఉంటే అదీ తెలిసిపోతుంది, అప్పుడు గట్టిగా ఉండే హక్కు మీకు ఎలాగూ ఉంది.

పిల్లలకూ ఒక మాట. మిత్రులతో మాట్లాడేటప్పుడు ‘హ్యాంగ్ ఔట్’ అనండి, తప్పులేదు. అబ్బాతో, అమ్మీతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకొక వాక్యం అదనంగా, ఇంటి భాషలో చెప్పండి. ‘నలుగురం కలిసి ఖిచ్డీ వండుకొని ఆట చూశాము’ అనడానికి ఎంతసేపు పడుతుంది?

మీ ఇంట్లో కూడా పెద్దలకూ పిల్లలకూ మధ్య ఏదైనా ఆంగ్లపు మాట అడ్డుపడి ఉంటే మాకు రాసి పంపండి. మేనకోడలిని అడిగి తెలుసుకున్న తర్వాతే జవాబు రాస్తాము.